రెండుకీ ఎనిమిదికీ మధ్య నూకరాజు బావ

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినార్ గురించి చెబుతారు, బిర్యానీ గురించి చెబుతారు. నేను అయిదు రోజులు తిరిగొచ్చి చూసినది ముఖ్యంగా ఒక అంకె. అగ్గిపెట్టెంత తెర మీద మెరిసే అంకె. అది రెండు కంటే తగ్గకూడదు, ఎనిమిది కంటే పెరగకూడదు. ఆ రెండుకీ ఎనిమిదికీ మధ్య మా బావ చేతివేళ్ళు పదీ ఉన్నాయి.

నూకరాజు మా అక్క మొగుడు. కశింకోట దాటాక లోపలికి వెళ్తే వచ్చే ఊళ్ళో చెరకు వేస్తాడు, సొంత పెనం మీద బెల్లం వండుతాడు. పెనంలో పాకం ఎప్పుడు దించాలో చెప్పే యంత్రం ఇంతవరకు పుట్టలేదు. కర్రతో కాస్త పాకం తీసి చన్నీళ్ళలో వేసి, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండ చెయ్యాలి. ఉండ నిలిచిందా, జారిందా అన్నది వేళ్ళు చెబుతాయి. నిమిషం ముందు దించితే దిమ్మ కట్టదు, నిమిషం ఆలస్యమైతే నల్లబడుతుంది. చుట్టుపక్కల అయిదూళ్ళవాళ్ళు పాకం దగ్గర అనుమానం వస్తే బావని పిలుస్తారు. నేను చెప్పేటప్పుడు యాభై ఊళ్ళంటాను.

మూడేళ్ళుగా ఆ వేళ్ళు పనిచేయడం లేదు. పొద్దున్న లేచేసరికి బిగుసుకుపోయి ఉంటాయి. మణికట్లు వాచి బెండకాయలకి కొబ్బరికాయలు తగిలించినట్టు కనిపిస్తాయి. రుమటాయిడ్ కీళ్ళవాతం అన్నారు. పోయిన సీజన్‌లో పాకం ఉండ వేరేవాడి చేత చేయించి, "మెత్తగుందా, గట్టిగుందా" అని అడగాల్సి వచ్చింది. వాడు గట్టిగా ఉందన్నాడు. పెనమంతా పాడైంది. ఆ రోజు బావ పొయ్యి దగ్గర నుంచి లేచి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈసారి కూడా ఇలాగే అయితే పొయ్యి ఇంక వెలిగించనని అక్కతో చెప్పాడు. పొయ్యి వెలిగించే కాలానికి రెండు నెలలుంది. హైదరాబాదు ఆసుపత్రిలో ఈ రోగానికి కొత్త మందొకటి పరీక్షిస్తున్నారని తెలిసింది. అందుకే ఈ ప్రయాణం.

అనకాపల్లి స్టేషను

మా సామాను: బట్టల సంచి ఒకటి, రిపోర్టుల ఫైలు ఒకటి, బెల్లం దిమ్మ ఒకటి. ఫైలు తూకంలో దిమ్మతో పోటీ పడింది. దిమ్మ పెద్ద డాక్టరుగారికి. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదని బావ పట్టుదల.

"అది ఇల్లు కాదు బావా, ఆసుపత్రి," అన్నాను.

"మరి ఆవిడకి ఇల్లుండదేటి?"

సంచి పిడి బావ వేళ్ళకి ఇమడదు కనక మోత మొత్తం నాది. దిమ్మ పదిహేను కిలోలు. మెట్లెక్కేసరికి నలభై అయింది. రెండో ప్లాట్‌ఫారం మీద నా భుజం నాతో మాట్లాడటం మానేసింది.

ఆసుపత్రి గేటు

హైదరాబాదులో ఇడ్లీ రెండు యాభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుతో నలుగురు తిని, చట్నీ బాగాలేదని గొడవ కూడా పడొచ్చు. చట్నీలో పల్లీలు తప్ప ఇంకేమీ లేదు. బావ మూడు చెంచాల సాంబారు తాగి, "ఇది తీపేటి, నా పాకంలాగ," అన్నాడు. ఇరానీ చాయ్ మాత్రం ఇద్దరికీ నచ్చింది. అది మన టీలాగా గబగబా తాగేది కాదు, ముందు కాసేపు కూర్చోవాలి.

ఆసుపత్రి గేటు దగ్గర సామాను యంత్రంలోంచి వెళ్ళాలి. మా దిమ్మ లోపలికి వెళ్ళింది, యంత్రం ఆగింది. గార్డు తెర వంక చూసి, మా వంక చూసి, "గిదేంది పెద్దాయనా, ఇంత నల్లగ కొడుతుంది?" అన్నాడు.

"బెల్లం," అన్నాడు బావ.

"గింత బెల్లమా?"

"సిన్నదే తెచ్చేం."

నమ్మకం కుదరలేదు. గుడ్డ విప్పించారు. మెట్టు అంచుకి కొట్టి ఒక మూల విరగ్గొట్టాను. బావ ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలి చూపించాడు. గార్డు ఒక ముక్క తిన్నాడు. రెండో గార్డు తనిఖీ కోసం ఇంకోటి తిన్నాడు. స్ట్రెచరు తోసేవాళ్ళిద్దరు కూడా వచ్చి తనిఖీ చేశారు. మా దిమ్మ ఏడో అంతస్తు చేరేసరికి అయిదు మూలలు తేలింది.

ఆ ముక్క తినకూడదని బావకీ తెలుసు. మూడేళ్ళ స్టెరాయిడ్ మాత్రలకి మొహం పూర్ణంబూరెలా ఉబ్బింది, షుగరు వచ్చింది. బెల్లం వండేవాడిని బెల్లం ముట్టొద్దన్నారు. "నీకు అమ్మేసుకోడవే గాని రుసి లేదు" అని మా అక్క ఏడిపిస్తుంది. ఏడిపిస్తూ ఏడుస్తుంది కూడా.

ఏడో అంతస్తు

డాక్టరమ్మ మా దిమ్మ చూసి నవ్వింది కాని తీసుకోలేదు. మందు పరీక్షలో ఉన్న రోగి దగ్గర ఏమీ పుచ్చుకోకూడదట. బావ మొహం చిన్నబోయింది. ఆవిడ కాసేపు ఆలోచించి దిమ్మని క్యాంటీనుకి పంపించింది. మర్నాటినుంచి అక్కడ బెల్లం టీ మొదలైంది, మాకిద్దరికీ ఊరికే ఇచ్చారు. బావ పాల టీయే తాగాడు, చక్కెర లేకుండా.

రోగం గురించి ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. మన ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటి క్రిములు వస్తే తరిమికొట్టడం వాళ్ళ పని. బావ ఒంట్లో వాళ్ళకి మతి చలించి, సొంత కీళ్ళనే దొంగలనుకుని చితక్కొడుతున్నారు.

"అంటే మా కుక్క నన్నే కరిసినట్టు," అన్నాడు బావ.

"సరిగ్గా అదే."

"కుక్కని సంపెయ్యకండమ్మా. మళ్ళీ దొంగొత్తే?"

ఆవిడ పెన్ను కింద పెట్టి బావ వంక చూసింది. ఇంతవరకు వాడిన మందులతో వచ్చిన చిక్కు అదేనట. అవి ఒళ్ళంతా తిరిగి కాపలావాళ్ళందరినీ నిద్రపుచ్చుతాయి, దారిలో ఎముకల్నీ షుగర్నీ కూడా కదిలిస్తాయి. ఈ కొత్తదాంట్లో మందుని కంటికి ఆనని కొవ్వు బుడగల్లో పెడతారు. బుడగ పైన వాచిన కీలుకి మాత్రమే అతుక్కునే గుర్తు ఒకటి ఉంటుంది. చాలా బుడగలు అక్కడికే చేరతాయని, అక్కడే విప్పుకుంటాయని ఆశ. ఆశ అనే మాట ఆవిడ రెండుసార్లు అంది. ఇది ఇంకా పరీక్షల్లో ఉంది, పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు.

"ఇన్నాళ్ళూ ఊరంతటికీ కాలవ వొదిలేసేరు," అన్నాడు బావ నాతో. "ఇప్పుడు నా మడికే గండి కొడతారట."

తరవాత ఆవిడ చెప్పిన మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. కొందరి సీసాల్లో మందు ఉంటుంది, కొందరి సీసాల్లో మందు లేని ఉత్త బుడగలుంటాయి. ఎవరిది ఏదో రోగికీ తెలీదు, డాక్టరుకీ తెలీదు. అలా అయితేనే పరీక్ష నిజమవుతుంది.

ఖాళీ బళ్ళు అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చిన దృశ్యం నా కళ్ళముందు కదిలింది. వద్దని చెప్పేద్దామా అని బావ చెవిలో అన్నాను.

"ఎవుడో ఒకడు ఖాళీ బండి తోలాలి గదా బావా. లేపోతే నిండుబండికి ఇలువ ఎలా తెలుత్తాది?" అన్నాడు. కాగితాల మీద సంతకం పెట్టడానికి పెన్ను నిలవలేదు. వేలిముద్ర వేశాడు. పది దాకా చదువుకున్న మనిషి, సిరా వేలిని చొక్కాకి రాసుకోకుండా చాలాసేపు గాల్లో పట్టుకుని కూర్చున్నాడు.

నా నోరు

మొదటి డోసు అక్కడే ఎక్కించారు. పాలు కలిపిన నీళ్ళలా ఉంది. ఒకరోజు కనిపెట్టి చూశారు, జ్వరం రాలేదు. రెండో డోసు వారం తరవాత అనకాపల్లిలోనే, ఈ పరీక్షతో సంబంధమున్న డాక్టరుగారి దగ్గర వేయించుకోవచ్చు. సీసాని చల్లపెట్టెలో కొరియరుకిచ్చి పంపిస్తామన్నారు.

అక్కడ నా నోరు తెరుచుకుంది. "కొరియరెందుకండీ, నేనున్నాను కదా," అన్నాను. మాకు కొరియరువాళ్ళు ఇచ్చే పెళ్ళిపత్రికలు పెళ్ళయ్యాక వస్తాయని కూడా చెప్పాను. వాళ్ళు నాలుగు ఫోన్లు చేసి, నా చేత మూడు కాగితాల మీద సంతకం పెట్టించి, పెట్టె చేతికిచ్చారు.

నీలం పెట్టె. లోపల గడ్డకట్టిన జెల్ సంచులు, వాటి మధ్య సీలువేసిన చిన్న డబ్బా, డబ్బాలో సీసా. పైన లోపలి చల్లదనాన్ని డిగ్రీల్లో చూపే అంకెల తెర. అప్పగించిన అమ్మాయి మూడు ముక్కలు చెప్పింది. ఎనిమిది దాటితే బుడగలు కరగడం మొదలవుతుంది. రెండుకి తగ్గి గడ్డకడితే బుడగలు పగిలిపోతాయి, మళ్ళీ కరిగించినా అది మందు కాదు. మూత తెరవకుండా ఉంటే పద్దెనిమిది గంటలు ఫరవాలేదు.

మూత తెరవకుండా అన్నది నేను వినలేదని కాదు. విన్నాను.

తిరుగు బండి

పొద్దున్నే బండెక్కాం. పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. ఏలూరు వెళ్తున్న మేష్టారొకాయన ఎదుటి సీట్లో కూర్చున్నాడు. చాలాసేపు పెట్టె వంక చూసి, గొంతు తగ్గించి, "కిడ్నీయా అండీ?" అని అడిగాడు.

"అంతకన్నా పెద్దది," అన్నాను.

ఇంక చెప్పకుండా ఎలా ఉంటాను. బుడగల గురించి చెప్పాను, బుడగలకి చిరునామాలున్నాయన్నాను, వాటిని తయారుచేసేవాళ్ళు ప్రపంచంలో ముగ్గురే ఉన్నారని ఆ క్షణంలో కనిపెట్టి చెప్పాను. ఆయన ఒకసారి చూడొచ్చా అన్నాడు. రెండు క్షణాలు మూత తీశాను. పక్క వరసవాళ్ళు మెడలు చాచారు. వాళ్ళకోసం ఇంకో రెండు క్షణాలు. విజయవాడలో కొత్తవాళ్ళెక్కారు, వాళ్ళకి మేష్టారే నా తరఫున ఉపన్యాసమిచ్చాడు, చివర్లో నేను మూత తీశాను. ఏలూరులో ఆయన దిగుతూ ఆఖరిసారి చూసి నమస్కారం పెట్టాడు, నాకు కాదు, పెట్టెకి.

బావ మూడుసార్లు అన్నాడు: "బావా, అది గారడీపెట్టె కాదు."

రాజమండ్రి దాటాక తెర మీద అయిదు ఉండాల్సిన చోట ఆరున్నర ఉంది. సామర్లకోటకి ఏడు. మూత గట్టిగా నొక్కి పెట్టుకున్నాను. ఇంకా గంటన్నర ప్రయాణం, వెళ్ళిపోతాం అనుకున్నాను.

తునిలో బండి ఆగింది. ఆగి కదల్లేదు. ముందు ఎక్కడో పట్టాల పని జరుగుతోందట, రెండు గంటలో మూడు గంటలో ఎవరికీ తెలీదు.

తుని

అక్టోబరు ఉక్క. మబ్బు పట్టింది, గాలి లేదు. తెర మీద ఏడు పాయింట్ ఆరు. నేను పెట్టె చొక్కాలో దాచుకున్నాను, తరవాత నా ఒంటివేడి గుర్తొచ్చి తీశాను. బావ తిడితే బాగుండేది. కిటికీలోంచి బయటికి చూస్తూ, వంగని వేళ్ళని ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. అలా కూర్చుంటే ఆయన పెనం పాడైన నాటి సాయంత్రం ఉన్నట్టే కనిపించాడు.

ఏడు పాయింట్ తొమ్మిది.

పరుగెత్తాను. స్టేషను బయట సోడాకొట్టువాడు ఐసుగడ్డ చితక్కొట్టి సంచిలో పోసిచ్చాడు. తిరిగొస్తుంటే నాకొక ఆలోచన తట్టింది. మా చిన్నప్పుడు పుల్ల ఐసు బండివాడు ఐసులో రాళ్ళుప్పు కలిపేవాడు, ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది. పక్క కిరాణాలో ఉప్పు పేకెట్టు కొన్నాను. ప్లాట్‌ఫారం మీద కూర్చుని జెల్ సంచులు తీసేసి, డబ్బా చుట్టూ ఐసు పోసి, పైన ఉప్పు ధారాళంగా చల్లాను.

అంకె కిందికి దూకింది. ఏడు. అయిదు. మూడున్నర. నా తెలివికి నాకే మురిపెం వచ్చింది. బావని పిలిచి చూపించాను.

అప్పుడే వెనకనుంచి ఒక గొంతు. "ఏటి బాబూ, ఐసులో ఉప్పెట్టేవేటి?"

థర్మాకోలు పెట్టెల పక్కన గోనె మీద కూర్చున్న ఒకామె. తరవాత తెలిసింది, పేరు పోలమ్మ, పెంటకోట రేవునించి చేపలు తెచ్చి విశాఖపట్నం వైపు తీసుకెళ్ళి అమ్ముతుంది. ఆమె బండి కూడా ఆగిపోయింది.

"చల్లబడుతుందని," అన్నాను.

"లోపలేటున్నాది?"

"మందు."

"ఆ మందు గడ్డ కట్టొచ్చా?"

అంకె వంక చూశాను. తెర మీద ఒకటి పాయింట్ ఎనిమిది. "కట్టకూడదమ్మా," అన్నాడు బావ.

"మరి సూత్తా కూకున్నారేటి, తీయండి. ఉప్పడితే ఐసు పిచ్చెక్కిపోద్ది. సేపనైనా సంపేత్తాది."

చచ్చిన చేపని మళ్ళీ ఎలా చంపుతుందని అడగబోయి ఊరుకున్నాను, జీవితంలో మొదటిసారి. అంకె ఒకటి పాయింట్ నాలుగు. ఆమె అప్పటికే లేచి పెట్టె లాక్కుంది. సీలు డబ్బా తీసి బావ ఒళ్ళో పెట్టింది. ఉప్పు ఐసంతా పట్టాల మీదకి గుమ్మరించి, తన బిందెలో నీళ్ళతో పెట్టెని రెండుసార్లు కడిగింది. తన ఐసు అడుగున పరిచింది, దాని మీద రంపపు పొట్టు గుప్పెళ్ళతో పోసింది, తడిపి పిండిన గోనెముక్క నాలుగు మడతలు వేసి పెట్టింది. డబ్బాని పాలితీను కాగితంలో చుట్టి ఆ మడత మధ్యలో కూర్చోబెట్టింది. పైన మళ్ళీ గోనె, పొట్టు, ఆఖర్న ఐసు.

"సీసాకి ఐసు తగల్రాదు. ఐసు గాలి తగిలితే సాలు. వంజరం సేప ఐసుకానుకుందంటే ఆ పక్క కండ తెల్లగా మాడిపోద్ది, బేరగాడు ముట్టుకోడు."

మూత వెయ్యబోతూ ఆగి, అరచెయ్యి లోపలికి పెట్టి కళ్ళు మూసుకుంది. కాసేపు అలా ఉంచి, చిటికెడు పొట్టు తీసేసి, మూత వేసింది. "ఇంక దీన్ని తియ్యకు."

"తియ్యడు," అన్నాడు బావ. "నాను సూత్తాను."

తెర మీద నాలుగు పాయింట్ ఒకటి. పది నిమిషాల తరవాతా అంతే. అరగంట తరవాతా అంతే. ఆమె చెయ్యి వంక బావ అదేపనిగా చూస్తున్నాడు.

"సేతికెలాగ తెలుత్తాదమ్మా అది?"

"నీకు పాకం ఎలాగ తెలుత్తాది?" అంది. అప్పటికి ఆయన పని గురించి అడిగి తెలుసుకుంది. "సేతికి తెలుత్తాది గాని నోటికి తెలీదు."

బావ తన చేతులు చూసుకున్నాడు. "నాకిప్పుడు తెల్దమ్మా. దానికోసవే ఈ సీసా."

పోలమ్మ ఆయన వేళ్ళు రెండు తన చేతిలోకి తీసుకుని, ఐసుతో చల్లబడిన అరచేతిలో కాసేపు మూసి ఉంచింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆ ఉప్పు పేకెట్టిలాగియ్యి, పులుసులోకి పనికొత్తాది. నీ సేతిలో ఉంటే ఇంకేటి సేత్తావో," అంది నాతో.

మళ్ళీ అనకాపల్లి

సీసా చెడిందో లేదో మాకు తెలీదు. ఒకటి పాయింట్ నాలుగు దాకా వెళ్ళిన మాట నిజం. అనకాపల్లిలో దిగి, పెట్టెని తిన్నగా డాక్టరుగారి ఆసుపత్రి ఫ్రిజ్ దగ్గరికి చేర్చాను. సీలు విప్పి చూడటం పొద్దున్నే అన్నారు. ఆ రాత్రి మా అక్క అన్నం వడ్డించి, "ఏటయ్యింది, ఇద్దరూ మాటాడరేటి?" అని నాలుగుసార్లు అడిగింది. ఉప్పు తక్కువైందా అని కూడా అడిగింది. బావ నా వంక చూశాడు.

పొద్దున్న డాక్టరుగారు సీలు విప్పారు. సీసాకి అంటించిన చిన్న బిళ్ళ, గడ్డకడితే రంగు మారేది, తెల్లగానే ఉంది. లోపలి చిప్పులో లెక్కంతా కంప్యూటరు మీద గీతగా వచ్చింది. బయటి తెర ఒకటి పాయింట్ నాలుగు చూపించిన సమయానికి లోపల సీసా దగ్గర రెండు పాయింట్ మూడు. పోలమ్మ ఇంకో రెండు నిమిషాలు ఆలస్యంగా మాట్లాడి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. గీతని హైదరాబాదు పంపించారు. జవాబు కోసం రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం. నేను గోళ్ళన్నీ కొరికేసి బావ గోళ్ళ వంక చూడటం మొదలుపెట్టాను.

వాడొచ్చని జవాబొచ్చింది. ఒక ప్రశ్న కూడా వచ్చింది. డాక్టరుగారు గీత మీద చిన్న చిన్న గుట్టల్లా లేచిన చోట్లకి వేలు పెట్టి, "పెట్టె పధ్నాలుగుసార్లు ఎందుకు తెరిచారండీ?" అన్నారు.

"స్టేషన్లండి," అన్నాడు బావ. "ఒక్కో స్టేషన్లోనూ జనానికి ఈడు పెట్టె దర్సనం ఇప్పించాలి."

వారం పూర్తయ్యేదాకా ఫ్రిజ్‌లో ఉంచి డోసు వేశారు. నెల గడిచింది. నిండుబండో ఖాళీబండో మాకు తెలీదు, పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరికీ తెలీదు. బావకి ఇంకా నొప్పి ఉంది. ఒక పొద్దున ఉంటుంది, ఒక పొద్దున తగ్గుతుంది. అక్క రోజూ లేవగానే ఆయన వేళ్ళు చూస్తుంది, చూసినట్టు కనిపించకుండా.

మూడో డోసు మళ్ళీ హైదరాబాదులోనే. తిరిగిచ్చేయాల్సిన ఖాళీ పెట్టె తీసుకుని బయలుదేరాం. ఈసారి దిమ్మలు రెండు, ఒకటి క్యాంటీనుకి, ఒకటి తునిలో దింపడానికి. స్టేషను మెట్ల దగ్గర అలవాటుగా పెట్టె అందుకోబోయాను. నీలం పెట్టె పిడి సన్నగా ఉంటుంది, నాలుగు వేళ్ళూ దాని కిందికి పూర్తిగా మడవాలి.

"అదిలాగియ్యి," అన్నాడు బావ. "నువ్వు బెల్లం మొయ్యి."

పిడి కింద వేళ్ళు ఒక్కొక్కటీ, చిటికెనవేలు ఆఖర్న, ముడుచుకున్నాయి. నేను రెండు దిమ్మలూ భుజాన వేసుకుని ఆయన వెనక మెట్లెక్కాను. ముప్ఫై కిలోలుంటాయి. నిజంగా ముప్ఫయ్యే.